పట్టేసిన స్పిండిల్: కారణం వెతికి బాగుచేయడం

సీఎన్‌సీ రూటర్‌లో బిట్‌ను పట్టుకొని అతివేగంగా తిప్పే మోటారును స్పిండిల్ అంటారు. తలుపుల మీద లతలు, పూలు చెక్కే యంత్రాల్లో తరచుగా కనిపించేది 2.2 కిలోవాట్ల, 80 మి.మీ. వ్యాసం గల, నీటితో చల్లబరిచే స్పిండిల్. రెండు ధ్రువాల మోటారు కాబట్టి, వేగం = 120 × పౌనఃపున్యం ÷ ధ్రువాల సంఖ్య అనే సూత్రం ప్రకారం, వీఎఫ్‌డీ 400 హెర్ట్జ్ ఇచ్చినప్పుడు అది నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో షాఫ్టును నిలబెట్టేవి చిన్న చిన్న బంతులున్న కొద్ది బేరింగులు మాత్రమే. స్పిండిల్ పట్టేసిందంటే చాలావరకు అవి పట్టేసినట్లే.

కొత్త బేరింగులు వేసిన స్పిండిల్ కొద్ది వారాలకే మళ్లీ పట్టేయడం షెడ్లలో జరుగుతూనే ఉంటుంది. చెడిన బేరింగును మార్చారు గాని, దాన్ని చెడగొట్టిన కారణం జోలికి పోలేదు. ఈ పాఠంలో విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసింది ఇదే.

నిజంగా పట్టేసిందా?

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్‌లో తలుపులు చెక్కే షెడ్ ఒకటి ఉందనుకుందాం. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడింది, సింహద్వారం సగం చెక్కి ఉంది. స్విచ్ వేయగానే స్పిండిల్ మూలిగింది, వీఎఫ్‌డీ ఓవర్‌కరెంట్ చూపి ఆగిపోయింది. ఇలాంటప్పుడు తొందరలో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసి చూస్తారు. తిరగని మోటారులోకి పోయే కరెంటు వేడిగా మారి వైండింగును కాలుస్తుంది. బేరింగు ఖర్చుతో పోయేది కొత్త స్పిండిల్ ఖర్చు దాకా వస్తుంది.

ముందుగా మెయిన్ ఆపి, కనీసం పది నిమిషాలు ఆగాలి. 230 వోల్టుల సరఫరా మీద నడిచే వీఎఫ్‌డీ కెపాసిటర్లలో దాదాపు 325 వోల్టులు నిలిచి ఉంటాయి. మల్టీమీటరుతో చూసుకున్న తరువాతే చేయి పెట్టాలి. ఇక్కడ తొందరపడితే పోయేది ప్రాణం.

తరువాత బిట్‌ను తీసి, ముక్కు దగ్గర గట్టిపడిన ఎండీఎఫ్ పొడిని తుడిచి, షాఫ్టును చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే లోపం విద్యుత్తుది. కేబుల్లో ఒక ఫేజు తెగి ఉండవచ్చు. గరగరలాడితే బేరింగు చెడుతోందని అర్థం. అసలు కదలకపోతే పట్టేసినట్లే. పైపు రెంచీ పెట్టి బలవంతంగా తిప్పవద్దు. షాఫ్టు వంగితే ఇక బాగుచేయడానికి ఏమీ మిగలదు.

విప్పకముందే మోటారు తీగలను వీఎఫ్‌డీ నుంచి విడదీసి వైండింగును పరీక్షించాలి. ఫేజుల మధ్య కొలిచిన మూడు నిరోధాలూ సమానంగా ఉండాలి. 500 వోల్టుల మెగ్గరుతో వైండింగుకూ బాడీకీ మధ్య కనీసం 1 మెగా ఓమ్ రావాలి. తీగలు విడదీయకుండా మెగ్గర్ పెడితే వీఎఫ్‌డీ పాడవుతుంది. వైండింగు కాలిపోయి ఉంటే బేరింగులు మార్చి లాభం లేదు. వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీ 400 బదులు 50 హెర్ట్జ్‌గా ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే తక్కువ పౌనఃపున్యంలోనే పూర్తి వోల్టేజీ అంది, మోటారు విపరీతంగా వేడెక్కుతుంది.

బేరింగు ఇచ్చే సాక్ష్యం

తీసిన పాత బేరింగును చెత్తలో వేయడం నాకు ఎన్నడూ నచ్చని అలవాటు. దాన్ని కోసి, కిరోసిన్‌లో కడగకముందే ఒకసారి చూడండి. బంతులు, వాటి దారులు నీలంగానో గోధుమ రంగుగానో మారితే అతివేడి కారణం. ఎర్రటి తుప్పు ఉంటే నీళ్లు లోపలికి కారాయి. బంతులు ఎంత దూరంలో ఉన్నాయో అంతే దూరంలో గుంటలు పడితే, బిట్ ఎప్పుడో బల్లకో క్లాంపుకో గుద్దుకుంది. గ్రీజు బూడిదరంగు ముద్దగా ఉంటే దుమ్ము చేరింది. దారి పొడవునా అడ్డుగీతలు వరసగా ఉంటే బేరింగు గుండా విద్యుత్తు పారింది. అప్పుడు ఎర్తింగ్ సరిచూడాలి.

మన షెడ్‌లో బేరింగు నీలంగా మారిందనుకుందాం. అయితే నీటి సంగతి చూడాలి.

బోరు నీళ్లు, బకెట్ లెక్క

నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. స్పిండిల్‌కు ఫ్లోరైడ్‌తో పేచీ లేదు. నీటి గట్టిదనానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియం లవణాలే ఇక్కడ శత్రువులు. వేడి తగిలిన చోట అవి తెల్లటి పొలుసుగా పేరుకొని సన్నటి నీటిదారిని మూసేస్తాయి. రిటర్న్ పైపులో ధార సన్నబడడమే దీని మొదటి గుర్తు. పలచటి సిట్రిక్ ఆమ్లం తిప్పి పొలుసును కరిగించవచ్చు. ఆ తరువాత బోరు నీళ్లు మాని, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి వాడాలి.

బకెట్ పరిమాణం కూడా ముఖ్యమే. స్పిండిల్‌లో 440 వాట్లు వేడిగా మారుతున్నాయనుకుంటే, గంటలో వచ్చే ఉష్ణం 440 × 3600 = 15,84,000 జౌళ్లు. 20 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి దాదాపు 84,000 జౌళ్లు కావాలి. వేడి బయటికి పోకుండా ఉంటే, గంటకు సుమారు 19 డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో రేకుల షెడ్‌లో ఉదయమే 35 డిగ్రీలున్న నీళ్లు గంటలో 54కు చేరతాయి. 60 లీటర్ల డ్రమ్ము పెడితే ఎంత పెరుగుతుందో మీరే లెక్కించండి.

బిగింపు

ఈ స్పిండిళ్లలో యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులుంటాయి. వీటిని తీసేముందే ఏది ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకొని, అదే దిశలో కొత్తవి బిగించాలి. తలకిందులైతే కొన్ని నిమిషాల్లోనే వేడెక్కుతాయి. కొనేటప్పుడు బేరింగు మీది సంఖ్యను, పాతదాని ఖచ్చితత్వ శ్రేణిని చూసుకోండి. 7005లో చివరి 05ను 5తో గుణిస్తే లోపలి రంధ్రం 25 మి.మీ. అని తెలుస్తుంది. 7002కు ఈ లెక్క వర్తించదు, దాని రంధ్రం 15 మి.మీ.

షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పెట్టాలి. బయటి రింగును కొడితే బంతులు దారిలో గుంటలు చేస్తాయి, కొత్త బేరింగు తిరగకముందే పాతబడుతుంది. హైస్పీడ్ గ్రీజును ఖాళీ జాగాలో మూడో వంతుకు మించకుండా నింపాలి. ఎక్కువైతే గ్రీజే చిలికి వేడి పుట్టిస్తుంది.

బిగించాక నేరుగా 24,000కు పోకూడదు. నీళ్లు పారుతున్నాయని చూసుకొని, బిట్ లేకుండా 100 హెర్ట్జ్ దగ్గర ఇరవై నిమిషాలు, తరువాత 200, 300, 400 దగ్గర అంతేసి సేపు నడపాలి. ఏ దశలోనైనా ముక్కు దగ్గర చేయి పెట్టి నిలపలేనంత వేడి వస్తే ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, కింది వేగం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. చల్లారాక కూడా అదే దశలో మళ్లీ వేడెక్కితే బేరింగుల దిశను, గ్రీజు మోతాదును విప్పి చూసుకోవాలి. చివరగా డయల్ గేజి పెట్టి షాఫ్టును చేత్తో తిప్పితే, ముక్కు లోపలి వాలు దగ్గర ముల్లు 0.01 మి.మీ. మించి కదలకూడదు. అప్పుడే సింహద్వారాన్ని మళ్లీ బల్ల మీదికి ఎక్కించవచ్చు.