ముందు వాలు, తర్వాతే టైలు

కొత్త ఇల్లు చూడ్డానికి వచ్చిన చుట్టాలకు ఒకప్పుడు హాలు, వంటిల్లు, దేవుడి గది చూపించేవారు. బాత్రూం తలుపు దగ్గరగా వేసి ఉండేది. ఇప్పుడు ఆ తలుపే ముందు తెరుస్తున్నారు. గోడ నిండా పరుచుకున్న పెద్ద పెద్ద టైళ్లు, నేలకు ఆనకుండా గోడకు వేలాడే కమోడ్, వెనక లైటు వెలిగే అద్దం, మెరుపు లేని నల్లటి కుళాయిలు, పళ్లెమంత షవర్. ఇదంతా ఆడంబరమని కొట్టిపారేయడం తేలికే గానీ న్యాయం కాదు. 2011 జనగణన నాటికి మన దేశంలో పైకప్పున్న స్నానాల గది ఉన్నవి 42 శాతం ఇళ్లే. మరో 16 శాతం ఇళ్లలో చుట్టూ తడికో గోడో ఉంది, పైన ఆకాశం. చాటు దొరికితే చాలనుకున్న తరం పిల్లలు ఆ గదిని ముచ్చటగా కట్టుకోవాలనుకుంటే తప్పు పట్టాల్సిన పనేం లేదు. పేచీ అల్లా డబ్బు ఎటు పోతున్నదన్న దగ్గరే. ఖర్చంతా గోడలెక్కుతోంది, బాత్రూం బాగోగులు తేలేది మాత్రం నేల మీద. ఒకరు స్నానం చేసి వచ్చిన అరగంటకు ఇంకొకరు పొడి కాళ్లతో లోపలికి వెళ్లి పొడి కాళ్లతోనే బయటికి రాగలిగితే అది మంచి బాత్రూం. కొత్త పోకడల్లో ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో ఈ ఒక్క కొలతతో తేల్చుకోవచ్చు.

పాత ఇళ్లలో తడి ఇంత సమస్య కాలేదు. అన్ని పనులూ ఒకే గదిలో జరిగేవి కావు మరి. పాయిఖానా దొడ్డి చివర. స్నానం బావి దగ్గరో, నీళ్లకాగు పక్కన పరిచిన బండ మీదో. బట్టలుతికే రాయి వేరు. మొహం కడుక్కునేది పెరట్లో అరటిచెట్టు దగ్గర. వాడిన నీళ్లు పల్లానికి పారి పాదుల్లో ఇంకేవి, బండ ఎండకు ఆరేది. (ఆ పాయిఖానాలను ఎత్తిపోసే పని ఎవరి నెత్తిన రుద్దారో గుర్తుంటే ఆ రోజుల్ని మరీ మురిసిపోతూ తలుచుకోలేం.) అపార్ట్‌మెంట్లు వచ్చాక ఈ పనులన్నిటినీ తెచ్చి ఒకే గదిలో కుక్కాం. స్నానాల గది, మరుగుదొడ్డి కలిపి కడితే కనీసం 2.8 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు 30 చదరపు అడుగులు ఉండాలంటుంది జాతీయ భవన నిర్మాణ నియమావళి. ఆ కనీసమే చాలు అనుకున్న బిల్డర్లు ఎందరో. ఎండ పోయింది, ఇంకే మట్టి పోయింది, నీళ్లు మాత్రం అన్నే ఉన్నాయి.

అందుకే ఇప్పుడు ‘డ్రై ఏరియా, వెట్ ఏరియా’ అంటూ స్నానం చేసే చోటును విడదీయడం ఈ పోకడలన్నిట్లోకీ అసలైన మార్పు. విదేశీ కేటలాగులోంచి దిగినట్టు కనిపించినా, అది మన దొడ్డి పద్ధతినే ఐదడుగుల వెడల్పులోకి మడిచి పెట్టడం. తలుపు తీయగానే వాష్‌బేసిన్, తర్వాత కమోడ్, చివర కిటికీ వైపు స్నానం. ఐదడుగులకు ఎనిమిదడుగుల గదిలో ఈ వరస చక్కగా ఇముడుతుంది. మధ్యలో గాజు పార్టిషన్ కావాలని అందరూ అడుగుతారు. గాజు కన్నా ముఖ్యమైనవి రెండున్నాయి, వాటిని అడిగేవాళ్లు అరుదు. ఒకటి, స్నానం చేసే చోట నేల మిగతా గది కన్నా అరంగుళమో ముప్పావో దిగువన ఉండటం. రెండోది వాలు. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు దిగాలి. మేస్త్రీ రసమట్టం పెట్టి చూపించినా సరే, టైలు అతికించక ముందే తలుపు దగ్గర చెంబుడు నీళ్లు పోసి చూడాలి. నీళ్లు ఎక్కడా ఆగకుండా జాలీ దాకా పోవాలి. దారిలో అరచేయంత మడుగు నిలిచిందంటే రేపు అక్కడ తెల్లటి సున్నపు మరక, ఎల్లుండి పాచి, ఆ తర్వాత ఎవరిదో నడుము.

పెద్ద టైళ్ల మోజు అడ్డం వచ్చేది ఇక్కడే. రెండడుగులకు నాలుగడుగుల టైలు గోడకు బాగుంటుంది. అతుకులు తక్కువ, కాబట్టి నల్లబడే గ్రౌటు గీతలూ తక్కువే. నేల సంగతి అలా కాదు. జాలీ గది మధ్యలో ఉంటే నేల నాలుగు వైపుల నుంచీ గరాటులా దానికేసి వాలాలి. పెద్ద టైలు వంగదు. కోస్తే అందం పోతుంది, కోయకుండా పరిస్తే వాలు పోతుంది. ఇంటాయన మొదటి రోజు చూసేది అందాన్నే గనక పని చేసేవాళ్లు వాలునే వదిలేస్తారు. నేలకూ పెద్ద టైలే కావాలంటే గోడ వెంట పొడవాటి జాలీ పెట్టించి నేలంతా ఒకే వైపుకు వాల్చాలి. లేదా స్నానం చేసే చోట మట్టుకు చిన్న ముక్కలు వేయించుకోవాలి. ముక్క చిన్నదైతే వంపుకు ఒదుగుతుంది, అతుకులెక్కువై అరికాలికి పట్టు దొరుకుతుంది.

షాపులో టైలును అందరూ చేత్తో నిమిరి చూస్తారు, పొడి టైలును పొడి చేత్తో. సబ్బు నురగ మీద తడి కాలు వేసినప్పుడు అదేం చేస్తుందో ఆ నిమరడంలో తెలియదు. జారుడుకు కొలత ఉంది, ఆర్-9 నుంచి ఆర్-13 దాకా. ఆర్-9 హాలుకు, పడగ్గదికి సరిపోతుంది. బాత్రూం నేలకు ఆర్-10, స్నానం చేసే చోట ఆర్-11 అడిగి తీసుకోవాలి. విట్రిఫైడ్ టైలు అర శాతానికి మించి నీళ్లు పీల్చదని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. నిజమే, అయితే మెరుగు పెట్టిన టైలు మీద ఆ పీల్చని నీళ్లే పొరలా నిలిచి కాలు లాగేస్తాయి. మెరుగు పెట్టని తాండూరు, బేతంచర్ల బండల మీద నడిచినవాళ్లకు ఈ భయం ఇంతగా లేదు. ఆ బండ గరుకునే ఇప్పుడు మోర్బీ ఫ్యాక్టరీలు టైలు మీద అచ్చు వేసి, ‘రస్టిక్ ఫినిష్’ అని పేరు పెట్టి మనకు అమ్ముతున్నాయి. కొనుక్కోండి, బాత్రూముకు నప్పే సరుకే అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది దాకా చనిపోతున్నారు. అనుకోని గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే, ఆ మరణాల రేటు 60 దాటినవాళ్లలో అందరికన్నా ఎక్కువ. అవన్నీ బాత్రూముల్లో జరిగేవి కావు. అయితే తడి నేల, సబ్బు, లోపల వేసుకున్న గడియ, మూడూ ఒక్కచోట ఉండే గది ఇంట్లో ఇదొక్కటే.

బాత్రూం బకెట్లతో కడిగితేనే మనకు శుభ్రమనిపిస్తుంది, పొడి బాత్రూం మన ఒంటికి పడదు అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో పస ఉంది. షవర్ దగ్గర తప్ప మరెక్కడా జాలీ లేని విదేశీ నమూనాను ఉన్నదున్నట్టు దింపుకుంటే చిక్కే. హెల్త్ ఫాసెట్ వాడే ఇంట్లో కమోడ్ వైపు కూడా రెండో జాలీ ఉండి తీరాలి. పొడిగా ఉండటమంటే నీళ్లు వాడకపోవడం అనుకోనక్కర్లేదు, వాడిన నీళ్లకు దారి చూపిస్తే సరి. అలాగే కొత్త డిజైన్లలో బకెట్టు కుళాయి మాయమవుతోంది. ఇది మాత్రం ఒప్పుకోవద్దు. నలుగు పెట్టి, కుంకుడుకాయ పులుసుతో తలంటు పోసే ఇంటికి రెండున్నర అడుగుల గాజు డబ్బా పనికిరాదు. కనీసం మూడడుగుల వెడల్పు, బకెట్టు పట్టే ఎత్తులో ఒక కుళాయి, కూర్చోవడానికి ఒక దిమ్మె కావాలి. దిమ్మె మీద వాలు కూడా ముందుకే ఉండాలి సుమా.

పట్టుకోవడానికి గోడకు కడ్డీలు పెడితే ఆస్పత్రిలా ఉంటుందన్నది ఇంకో అభ్యంతరం. కడ్డీ లేని బాత్రూములో పెద్దవాళ్లు లేవడానికి దేన్ని పట్టుకుంటారో ఒకసారి గమనించండి. టవల్ వేసే రాడ్డును, లేదంటే వాష్‌బేసిన్ అంచును. టవల్ రాడ్డును బిగించింది టవల్ బరువుకు, మనిషి బరువుకు కాదు. కుళాయిల రంగులోనే, అదే నగిషీతో కడ్డీలు ఇప్పుడు దొరుకుతున్నాయి, అంటే ఆస్పత్రి పోలిక పాత మాట. కాకపోతే అవి ఎక్కడ వస్తాయో టైళ్లు వేయకముందే నిర్ణయించి అక్కడ గోడను గట్టిగా కట్టించాలి. తలుపు సంగతి ఇంకా ముఖ్యం. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే, ఆ మనిషే తలుపుకు అడ్డమవుతారు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. గడియ అవసరమైతే బయటి నుంచి కూడా తీయగలిగేది అయి ఉండాలి. డాలస్ నుంచో లండన్ నుంచో డబ్బు పంపి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నల బాత్రూం బాగు చేయించే పిల్లలు వీడియో కాల్‌లో టైలు రంగు ఎంచుతారు. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా ఆ కాల్‌లోనే అడగాలి.

ఇక వాన షవర్. దీని మీద ఈ రచయితకు పెద్దగా గౌరవం లేదు. పది మీటర్ల ఎత్తున ఉన్న నీళ్లు ఇచ్చే ఒత్తిడి ఒక బార్. పై అంతస్తు ఫ్లాటులో షవర్‌కూ ట్యాంకుకూ మధ్య మూడు మీటర్లుంటే వచ్చేది 0.3 బార్. వాన కురవదు, చూరు నీళ్లు కారినట్టు కారుతుంది. అప్పుడు ప్రెషర్ పంపు బిగిస్తారు. మామూలు షవరే నిమిషానికి తొమ్మిది పది లీటర్లు తాగుతుంది. ఐదు నిమిషాలకు 50 లీటర్లు. బకెట్టు స్నానం 20 లీటర్లలో ముగుస్తుంది. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన ప్రణాళికల కొలమానం, అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు కోసం ఫోన్లు పట్టుకు కూర్చునే కాలనీలో పళ్లెమంత షవర్ ఏ లెక్కన చూసినా దండగ. మూడు, ఆరు లీటర్ల రెండు మీటల ఫ్లష్ మాత్రం కళ్లు మూసుకుని పెట్టించుకోవచ్చు. నల్ల కుళాయిలదీ నీళ్లతో ముడిపడ్డ కథే. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణం. అంత గట్టి బోరు నీళ్లు వచ్చే ఇంట్లో నల్ల కుళాయి నెల తిరక్కుండా విభూతి పూసుకుంటుంది. రోజూ తుడిచే ఓపిక లేకపోతే మామూలు క్రోమియం కుళాయే మేలు.

గాలి గురించి ఒక్క మాట. బాత్రూం కిటికీ లేదా వెంటిలేటర్ 0.37 చదరపు మీటర్లకు తగ్గకూడదని నియమావళి చెబుతుంది. ఉన్న కిటికీని అద్దంతోనో అల్మారాతోనో మూసేయకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. గ్యాస్ గీజర్ బాత్రూం లోపల వద్దే వద్దు. మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

ఇదంతా చేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని అనవచ్చు. కానీ వాలుకు మేస్త్రీ ఓపిక తప్ప వేరే సరుకు అక్కర్లేదు. తలుపు దిశకు పైసా ఖర్చు లేదు. జారని టైలును మెరిసే టైలు ధరలోనే వెతుక్కోవచ్చు. నిజంగా డబ్బు అడిగేది వాటర్‌ప్రూఫింగ్ ఒక్కటే, దాన్నే అందరూ కోస్తారు. ఇటీవల ‘టైలు మీద టైలు’ అనే పద్ధతి బాగా నడుస్తోంది. పాతది పగలగొట్టకుండా దాని మీదే కొత్తది అతికిస్తారు. దుమ్ము లేదు, నాలుగు రోజుల్లో పని అయిపోతుంది. లీకు లేని బాత్రూములో అది తెలివైన పనే. లీకున్న చోట మాత్రం రోగం మీద కొత్త చొక్కా తొడిగినట్టు. చాలా ఫ్లాటుల్లో బాత్రూం స్లాబును దిగువకు వేసి, పైపులు పరిచి, ఆ గుంతను ఇటుక ముక్కలతో నింపారు. గ్రౌటు పగుళ్లలోంచి దిగిన నీళ్లు ఆ ఇటుకల్లో ఏళ్ల తరబడి నానుతూ ఉంటాయి. చివరికి కిందింటివాళ్ల సీలింగు మీద పసుపుపచ్చ మచ్చగా బయటపడతాయి. ఆ మచ్చ నుంచి మొదలైన తగాదా అసోసియేషన్ మీటింగుల్లో ఎన్నాళ్లు నడుస్తుందో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. బాత్రూం ఎలాగూ బాగుచేయిస్తున్నారు గనక నింపుడంతా తవ్వించి, పైపులు మార్పించి, స్లాబు మీద రెండు పూతలు వేయించి, ఆ పూతను గోడలకు అడుగెత్తు, షవర్ గోడకు తలెత్తు దాకా తీసుకెళ్లండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇంత చేయలేరు. వాళ్లకు జారని రబ్బరు మ్యాటు, వైపరు చాలు. వాక్యూమ్‌తో గోడకు అతుక్కునే పిడిని నమ్మకండి.

పూత ఆరాక జాలీలకు గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు నింపి, నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీసి 48 గంటలు వదిలేయండి. నీళ్లు గీతకు బాగా కిందికి దిగినా, కింద చెమ్మ కనిపించినా టైళ్ల పని మొదలుపెట్టనివ్వకండి. నీళ్లు నింపే ముందు కిందింటివాళ్లకు చెప్పి వాళ్ల సీలింగును ఒక ఫొటో తీసి పెట్టుకోండి.