కొండకూ సముద్రానికీ మధ్య మన ఊళ్లు: పాముకాటు గురించి తెలుసుకుందాం



శ్రీకాకుళం జిల్లాలో పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఉన్నవారికి మన ప్రాంతం గురించి నేను కొత్తగా చెప్పనవసరం లేదు. తూర్పున కొబ్బరి తోటలు, వాటి వెనుక సముద్రం. పడమటన మహేంద్రగిరి కొండలు. మధ్యలో జీడితోటలు, వరి మళ్లు, చెరువులు, మన చిన్న పట్టణాలు. పట్నం నుండి వచ్చిన చుట్టాలు రెండు రోజులుండి, "మీరు అదృష్టవంతులు, మంచి గాలి, తాజా చేపలు" అని వెళ్తారు. నిజమే. అయితే ఈ తోటలూ మళ్లూ మనకే కాదు, ఎలుకలకూ కప్పలకూ, వాటిని తినే పాములకూ ఇల్లే. తొలకరి మొదలు వరికోతల వరకు మా ఆసుపత్రి అత్యవసర గదికి పాముకాటు రోగి రాని వారం అరుదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది, అంటే సగటున సంవత్సరానికి 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. వారిలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండానే ఇంటి దగ్గరే చనిపోయారు. మందు లేని జబ్బుతో పోవడం వేరు, మందు ఉండి కూడా దాని దగ్గరకు చేరక పోవడం వేరు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నేను పొరపాటు పడిన రోజు

నర్సింగు డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక యువతిని ఆటోలో తెచ్చారు. కడుపునొప్పి, రెండు వాంతులు. రాత్రి చేపల కూర తిన్నదట. ఒంటిమీద ఏ గాయమూ లేదు. నేను గ్యాసు అనుకుని, డ్యూటీ డాక్టరుగారికి కబురు పంపి, ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాను. డాక్టరుగారు వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. ఆయన ఆమె ముఖం చూసి అడిగిన మొదటి ప్రశ్న, "సిస్టర్, ఈమె రాత్రి ఎక్కడ పడుకుందో అడిగారా?"

నేను అడగలేదు. అత్తగారు చెప్పింది, "ఉక్కగా ఉందని అరుగుమీద చాప ఏసుకొని పడుకుంది బాబూ." అప్పటికే ఆమె కనురెప్పలు వాలిపోతున్నాయి. నాలుక మందమై మాట ముద్దగా వస్తోంది. అది కట్లపాము కాటు. కాసేపటికే ఊపిరి తీయలేని స్థితికి వచ్చింది. ఆ రోజుల్లో మా దగ్గర వెంటిలేటరు లేదు. గొంతులో గొట్టం వేసి, విషవిరుగుడు మందు ఎక్కించి, మూడు రోజులు పగలూ రాత్రీ అంబు బ్యాగు వంతులవారీగా చేతులతో నొక్కాము. మా సిబ్బంది చేతులు చాలక ఆమె ఆడపడుచుకూ నేర్పించాము. నాలుగవ రోజు కళ్లు తెరిచింది. ఈ రోజుకూ వర్షాకాలంలో ఎవరైనా తెల్లవారుజామున కడుపునొప్పి అని వస్తే, పేరు కంటే ముందు ఎక్కడ పడుకున్నారని అడుగుతాను.

ఏ పాము ఏమి చేస్తుంది?

మన దగ్గర కనిపించే పాములలో ఎక్కువ వాటికి విషమే లేదు. జెర్రిపోతు, నీరుకట్టు పాము మనలను భయపెడతాయే గాని చంపవు. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవారి పక్కలోకి వస్తుంది. దాని కోరలు చిన్నవి గనుక కాటు చీమ కుట్టినట్లుంటుంది, కొందరికి మెలకువ కూడా రాదు. మచ్చ వెతికినా కనబడదు. కడుపునొప్పి, వాంతి, తరువాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం దాని వరుస. నాగుపాము విషం కూడా నరాల మీదే పనిచేస్తుంది, కాని కరిచిన చోట నొప్పి, వాపు ఉంటాయి, చర్మం నల్లబడుతుంది. దాని పడగ చూసినవారు ఎవరో ఒకరు ఉంటారు గనుక రోగిని త్వరగానే తెస్తారు.

రక్తపింజర మన పొలాలకు పెద్ద శత్రువు. దీనినే పెద్దలు పొడపాము అంటారు. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు 1796లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి మన తెలుగువారు పిలిచిన పేరే రాసుకున్నాడు, "కాటుక రేకుల పొడ" అని. వీపుమీద గొలుసులా ఉండే ఆ నల్లంచు మచ్చలు చూసినవారికి ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. తరువాత ప్రపంచమంతా ఆ పాముకు రసెల్ గారి పేరే పెట్టుకుంది, మన పేరు మనమే మరచిపోయాము. ఈ పాము కరిస్తే కాలు గంటలలోనే ఉబ్బిపోతుంది. రక్తం గడ్డకట్టే గుణం పోయి చిగుళ్ల నుండి, మూత్రంలో, సూది గుచ్చిన చోట నుండి రక్తం వస్తుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఉద్దానంలో ఇప్పటికే ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నదో మనకు తెలుసు. అసలే బలహీనమైన కిడ్నీ మీద ఈ విషం పడితే రోగికి డయాలసిస్ తప్పకపోవచ్చు. గంట ఆలస్యం ఎంత ఖరీదైనదో ఆలోచించండి. చిన్నపింజర విషం కూడా రక్తం మీదే పనిచేస్తుంది.

మత్స్యకార సోదరులకు ఒక మాట. వలలో చేపలతోపాటు సముద్రపు పాములు కూడా వస్తాయి. తోక తెడ్డులా చదునుగా ఉంటే అది సముద్రపు పామే. చేపలు వేరుచేసేటప్పుడు చీకట్లో వట్టిచేతులతో తడమకండి. దాని కాటు నొప్పి ఉండదు. కొంతసేపటికి ఒళ్లంతా కండరాల నొప్పులు, దవడ బిగుసుకోవడం, మూత్రం నల్లగా రావడం జరుగుతుంది. మన దేశంలో తయారయ్యే విషవిరుగుడు దీనికి పనిచేయదు. ఊపిరికీ కిడ్నీలకూ ఆసరా ఇచ్చి కాపాడాలి. అందుకే నొప్పి లేదు గదా అని పడవలో రోజంతా ఉండిపోవద్దు, వెంటనే ఒడ్డుకు రండి.

కరిచిన వెంటనే

మొదట రోగికి ధైర్యం చెప్పండి. "విషమెక్కిపోతోంది" అని చుట్టూ చేరి ఏడిస్తే గుండె వేగం పెరుగుతుంది. రోగిని నడిపించకండి, పరుగెత్తనివ్వకండి. కరిచిన కాలో చెయ్యో విరిగిన ఎముకకు చేసినట్లు కర్రబద్ద పెట్టి గుడ్డతో వదులుగా కట్టి, కదలకుండా చూడండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి. శుభకార్యం మెట్టెలు తీయకూడదని ఒక అవ్వ పట్టుబట్టింది, చివరకు వాపులో కూరుకుపోయిన ఆ మెట్టెను మేము రంపంతో కోయవలసి వచ్చింది.

తాడుతో, గుడ్డతో బిగించి కట్టే కట్టు గురించి గట్టిగా చెప్పాలి. కట్టకండి. అది విషాన్ని ఆపదు, రక్తాన్ని ఆపుతుంది. కొబ్బరి తాడుతో తొడ బిగించి కట్టి నాలుగు గంటల తరువాత తెచ్చిన ఒక రైతు కాలు మేము చూశాము. విషం నుండి బ్రతికాడు గాని కాలు మిగలలేదు. అలా ఇదివరకే కట్టి ఉంటే, దారిలో మీరే విప్పకండి, ఆసుపత్రిలో మందు సిద్ధంగా ఉంచుకుని విప్పుతాము. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పోయడం వలన లాభం లేదు, పుండు మాత్రం మిగులుతుంది. నొప్పికని దుకాణంలో బిళ్లలు కొని మింగించకండి, వాటిలో కొన్ని కిడ్నీకి, రక్తస్రావానికి చెరుపు చేస్తాయి.

మంత్రం వేయించుకుంటే తగ్గిందని చాలామంది చెబుతారు. వారు అబద్ధం ఆడుతున్నారని నేననను. కరిచింది విషం లేని పామైనా, విషపు పామే విషం వదలకుండా కరిచినా మనిషి ఎలాగూ బ్రతుకుతాడు, పేరు మంత్రగాడికి వస్తుంది. నిజంగా విషం ఎక్కినవారు మాత్రం అతని అరుగుమీదే మంచి సమయం పోగొట్టుకుంటారు. మీ మనశ్శాంతి కోసం పూజైనా ప్రార్థనైనా చేసుకోండి, కాని ఆటోలో కూర్చుని దారిలో చేసుకోండి.

పామును చంపి సంచిలో తేవడానికి ప్రయత్నించవద్దు. ఆ ప్రయత్నంలో రెండవ మనిషి కూడా కాటు తిన్న సందర్భాలున్నాయి. ఎవరి దగ్గరైనా సెల్‌ఫోను ఉంటే దూరం నుండి ఒక ఫోటో తీస్తే చాలు. ఫోటో లేకపోయినా నష్టం లేదు. పైన చెప్పిన నాలుగు పాములకూ ఒకే మందు పనిచేస్తుంది. 108కి ఫోను చేయండి, 2005 నుండి ఈ సేవ మన రాష్ట్రంలో ఉంది. అది రావడం ఆలస్యమయ్యేటట్లుంటే మోటారు సైకిలు మీద రోగిని మధ్యలో కూర్చోబెట్టి, వెనుక ఒకరు పట్టుకుని తీసుకురావచ్చు. ఎక్కడ విషవిరుగుడు మందు ఉన్నదో ముందే తెలుసుకుని ఉంచుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది ఉచితం.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు?

"వచ్చి అరగంటైంది, ఇంకా ఇంజెక్షను ఇవ్వలేదు" అని బంధువులు మా మీద కోప్పడతారు. వారి ఆందోళన అర్థమవుతుంది. రోగి నుండి 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. తరువాత వంచి చూస్తే గడ్డకట్టకుండా కారితే పింజర విషం ఎక్కిందని అర్థం. రెప్పలు వాలుతున్నా, వాపు పాకుతున్నా ఆ పరీక్ష కోసం ఆగము. విషం లక్షణాలు లేనివారికి మందు ఇవ్వము, ఎందుకంటే అది గుర్రపు రక్తం నుండి తీసినది, కొందరికి పడక దద్దుర్లు, ఆయాసం, బి.పి. పడిపోవడం జరగవచ్చు. లక్షణాలు లేనివారిని కూడా 24 గంటలు ఉంచుకుని చూస్తాము.

ఆ మందు కథ కూడా తెలుసుకోదగినదే. చెన్నై దగ్గర సముద్రతీరంలో పాములు పట్టడంలో తరతరాల నేర్పుగల ఇరుళ తెగవారు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. వారు పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలివేస్తారు. ఆ విషాన్ని కొద్ది కొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు పుడుతుంది. మొదట సాధారణంగా 10 సీసాల వరకు ఇస్తాము. పసిబిడ్డకైనా పెద్దవారికైనా ఒకే మోతాదు, ఎందుకంటే పాము మనిషిని చూసి విషం తగ్గించదు.

ఇంటి దగ్గర

వర్షాకాలంలో నేలమీద పడుకోకండి. మంచం లేనివారు దోమతెర కట్టుకుని దాని అంచులు చాప కిందకు దోపుకోండి. దోమతెర దోమలనే కాదు, కట్లపామును కూడా ఆపుతుంది. కొబ్బరి డొక్కలు, కట్టెలు, పిడకలు గోడకు ఆనించి పేర్చకండి. ధాన్యం, కోళ్లు పడుకునే గదిలో ఉంచితే ఎలుకలు వస్తాయి, వాటి వెనుక ఎవరు వస్తారో మీకు తెలుసు. జీడిపిక్కలు ఏరే అక్కచెల్లెళ్లు ఎండుటాకుల్లో చెయ్యి పెట్టే ముందు ఒక కర్రతో కదపండి. మడిలో పనికి మోకాలి దాకా ఉండే రబ్బరు బూట్లు మంచివి, బురదలో కష్టమని అందరూ అంటారు గాని కనీసం గట్టు మీద నడిచేటప్పుడైనా వేసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన తోటలను ఎలా నేలకూల్చిందో మరువలేము. అటువంటి సమయంలో, పడిపోయిన చెట్ల మట్టలు తొలగించేటప్పుడు, నీరు ఎక్కిన ఇంటికి తిరిగి వచ్చి సామాను తీసేటప్పుడు మరీ జాగ్రత్త. నీటికి తట్టుకోలేక పాములు కూడా మెరకనే వెతుక్కుంటాయి.

ఈ పొదలూ గడ్డీ ఇచ్చే మరో జబ్బు గురించి కొద్దిగా చెప్పి ముగిస్తాను. వానల తరువాత, చలికాలంలో వారం రోజులైనా తగ్గని జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఉంటే మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేసి వదిలేయకూడదు. కంటికి కనిపించనంత చిన్న పురుగు పిల్ల కుట్టడం వలన స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కడుతుంది. అది చంక కింద, రొమ్ము కింద, నడుము చుట్టూ, గజ్జలలో ఉంటుంది. నొప్పి ఉండదు, అందుకే రోగికి కూడా తెలియదు. అందరిలోనూ అది కనబడదు గాని, కనబడితే జబ్బు పేరు వెంటనే తెలిసిపోతుంది. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతో తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఆడవారు సిగ్గుతో ఆ మచ్చ చూపించరు. తెర వేసి మేమే చూస్తాము, "సిస్టర్, ఇక్కడ ఒక మచ్చ ఉంది" అని ఒక్క మాట చెప్పండి.