సదరం పరీక్షకు వెళ్లే ముందు: ఎముకలు, కీళ్లు, కండరాల గురించి తెలుసుకోండి

(ఎన్టీఆర్ భరోసా దివ్యాంగుల పింఛన్ లబ్ధిదారులు, కొత్తగా దరఖాస్తు చేసుకునేవారి కోసం)

"ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నాను. అయినా సదరంలో 40 శాతం రాలేదు. ఎందుకు?" చాలామంది అడిగే ప్రశ్న ఇది. సదరంలో డాక్టర్లు ప్రధానంగా చూసేది మీ చేయి, కాలు, నడుము ఎంతవరకు పని చేస్తున్నాయన్నదే. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, డాక్టరుకు ఏం చెప్పాలో మీకే అర్థమవుతుంది.

■ పింఛన్ ఎంత?

• 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న అర్హులకు నెలకు రూ.6,000.
• పక్షవాతంతో మంచానికి లేదా వీల్‌చైర్‌కే పరిమితమైనవారు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారు, ప్రమాదంలో దెబ్బతిని మంచాన పడినవారిలో అర్హులకు నెలకు రూ.15,000.

ఈ మొత్తాలు 2024 జులై 1 పంపిణీ నుంచి అమల్లోకి వచ్చాయి.

■ ఒంట్లో ఏ భాగం ఏం చేస్తుంది?

పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు, 600కు పైగా కండరాలు ఉంటాయి. ఎముక బరువు మోస్తుంది. రెండు ఎముకలు కలిసేచోట కీలు ఉంటుంది. అక్కడ ఎముకలు రాసుకోకుండా మెత్తటి మృదులాస్థి కాపాడుతుంది. కండరం లాగితే కీలు వంగుతుంది. కండరానికి ఆజ్ఞ తెచ్చేది నరం. వీటిలో ఏది దెబ్బతిన్నా నడక ఆగిపోవచ్చు. కానీ చికిత్స వేరు, సదరం లెక్క కూడా వేరు.

• మోకాళ్ల అరుగుదల: వయసు, బరువు, పాత దెబ్బల వల్ల మృదులాస్థి అరిగిపోతుంది. నొప్పి ఎక్కువే ఉంటుంది. కానీ మోకాలు బాగా వంగుతూ, కాలికి బలం ఉంటే శాతం తక్కువే వస్తుంది.
• కీళ్లవాతం: పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి, వాచి, గంటకు పైగా సడలకపోతే అరుగుదల అనుకోవద్దు. త్వరగా మందులు మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా ఆపవచ్చు.
• ఎముకలు గుల్లబారడం: నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఎక్కువ. చిన్నగా జారిపడినా తుంటి ఎముక విరుగుతుంది.
• ఫ్లోరోసిస్: నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. పొదిలి, దర్శి ప్రాంతంలో దీన్ని 1937లోనే గుర్తించారు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట కూడా 1.5 మించరాదు.
• పోలియో: నరం దెబ్బతిని కాలు సన్నబడి, పొట్టిగా ఉండిపోతుంది.
• కండరాల క్షీణత: మగపిల్లాడు తరచూ పడిపోతూ, తొడల మీద చేతులు ఆనించి లేస్తూ, పిక్కలు లావుగా కనిపిస్తే వెంటనే చూపించండి.

■ సదరంలో ఏం కొలుస్తారు?

1. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో, ఎంత చాపగలరో చూస్తారు.
2. కండర బలాన్ని 0 నుంచి 5 వరకు లెక్కిస్తారు. కదలికే లేకపోతే 0. పైకి ఎత్తగలరు కానీ చేత్తో కాస్త అదిమితే నిలవకపోతే 3. మామూలు బలం 5.
3. నిలబడటం, నడవడం, మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం చూస్తారు.
4. ఒక కాలు పొట్టిగా ఉంటే టేపుతో కొలుస్తారు. మొదటి అరంగుళానికి శాతం ఉండదు. ఆపైన ప్రతి అరంగుళానికి 4 శాతం.

నొప్పి అబద్ధమని ఎవరూ అనరు. కానీ లెక్కలో దానికి చాలా చిన్న చోటే ఉంది.

రెండు లోపాలుంటే శాతాలను నేరుగా కూడరు. ఉదాహరణకు ఒక లోపానికి 30, ఇంకో లోపానికి 30 వస్తే మొత్తం 60 కాదు, 50 అవుతుంది. ఇది అందరికీ వర్తించే సూత్రం. మీకు అన్యాయం జరిగిందని అనుకోవద్దు.

■ ముందు చికిత్స

సదరం శాశ్వత వైకల్యాన్ని కొలుస్తుంది. కాబట్టి కట్టు విప్పకముందే, ఆపరేషన్ అయిన వెంటనే వెళ్తే ప్రయోజనం తక్కువ. తర్వాత మారే అవకాశం ఉంటే గడువుతో తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. గడువు తేదీ రాసి పెట్టుకోండి.

• మీ సమస్యకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో చికిత్స ఉందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి.
• బిడ్డ పాదాలు పుట్టుకతోనే లోపలికి వంగి ఉంటే మొదటి వారాల్లోనే వారం వారం పిండికట్లు మార్చి సరిచేస్తారు. పెద్దయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. 18 ఏళ్లలోపు పిల్లలకు జిల్లా సత్వర చికిత్స కేంద్రంలో వైద్యం ఉచితం.
• నడుం నొప్పితోపాటు కాళ్లు తిమ్మిరెక్కి, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఆలస్యమైతే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు.
• విరిగిన చోట నాటు కట్టు గానీ, పిండికట్టు గానీ వేశాక వేళ్లు నల్లబడినా, స్పర్శ తగ్గినా, నొప్పి పెరిగిపోతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లి కట్టు విప్పించుకోండి.

■ ఏం తీసుకెళ్లాలి? ఏం చెప్పాలి?

సచివాలయంలో గానీ, మీసేవలో గానీ స్లాట్ తీసుకోండి. ఆధార్, పాత సదరం సర్టిఫికెట్ ఉంటే అది, ఎక్స్‌రే, స్కాన్, ఆపరేషన్ కాగితాలు, డిశ్చార్జ్ చీటీ, వాడుతున్న మందుల చీటీలు పట్టుకెళ్లండి. కర్ర, క్యాలిపర్ వాడుతుంటే అవీ వెంట తీసుకెళ్లండి.

"నొప్పండీ" అని ఆపేయొద్దు. మరుగుదొడ్డిలో కూర్చోలేకపోవడం, బస్సు మెట్టు ఎక్కలేకపోవడం, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం వంటివి సిగ్గుపడకుండా చెప్పండి. లేనిది నటించొద్దు. ఒకే కాలిని రెండు మూడు రకాలుగా పరీక్షిస్తారు, తేడా తెలిసిపోతుంది.

■ శాతం తగ్గితే, తిరస్కరిస్తే?

కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అది మీ హక్కు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం అప్పీలు చేసుకోవచ్చు. గడువులోపు చేయాలి. పునఃపరిశీలనకు నోటీసు వస్తే పక్కన పడేయొద్దు. చెప్పిన తేదీకి వెళ్లండి. వెళ్లలేని స్థితిలో ఉంటే సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంటుకు ముందే తెలపండి.

యూడీఐడీ కార్డు రంగు చూసుకోండి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం.

శాతం పెంచి రాయిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దు. తప్పుడు సర్టిఫికెట్ మళ్లీ పరీక్షలో బయటపడితే పింఛన్ ఆగిపోతుంది, ఇచ్చిన డబ్బూ పోతుంది. మీ ఎక్స్‌రేలు, చీటీలు ఒకే సంచిలో భద్రంగా పెట్టుకోండి. డాక్టరు ముందు మీ తరఫున మాట్లాడేవి అవే.