గర్భనిరోధక మాత్రల వాడకం

గర్భనిరోధక మాత్రలు గర్భం రాకుండా ఉండేందుకు స్త్రీలు నోటి ద్వారా తీసుకునే మందులు. వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు రకాల హార్మోనులు కలిసిన సంయుక్త మాత్రలు. ఇవి తాత్కాలిక పద్ధతికి చెందినవి. వాడినంత కాలం గర్భం రాకుండా కాపాడతాయి. మానివేసిన తరువాత మళ్ళీ గర్భం ధరించవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇవి మాలా-ఎన్ అన్న పేరుతో ఉచితంగా లభిస్తాయి. తొలిసారి ఈ మాత్రలు వాడదలచినవారు తెలుసుకోవలసిన విషయాలు, కైకలూరు, కొల్లేరు ప్రాంతంలో గమనించవలసిన అంశాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

'''ఆంధ్ర ప్రదేశ్‌లో నేపథ్యం'''

భారతదేశం 1952లో కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. అయితే తెలుగునాట ఈ కార్యక్రమం చాలావరకు స్త్రీలకు చేసే శస్త్రచికిత్సగానే స్థిరపడింది. పత్రికలలో "కు.ని. ఆపరేషను" అని రాసేది దీనినే. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్ర ప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకున్నారు. మాత్రలు వాడుతున్నవారు ఒక శాతం కూడా లేరు. 20-24 ఏళ్ళ స్త్రీలలో సుమారు 29 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళి జరిగినట్లు కూడా అదే సర్వేలో తేలింది.

ఈ అంకెలను కలిపి చూస్తే ఒక క్రమం కనబడుతుంది. చిన్న వయసులో పెళ్ళి, వెంటనే తొలి కాన్పు, కొద్ది కాలానికే రెండవ కాన్పు, ఆపై ఆపరేషను. బిడ్డ పుట్టిన తరువాత కనీసం 24 నెలలు ఆగి మరల గర్భం ధరించటం తల్లికీ బిడ్డకూ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. శస్త్రచికిత్స సంతానం ఇక చాలనుకున్నవారికి మాత్రమే పనికివచ్చే పద్ధతి. పెళ్ళికీ తొలి కాన్పుకూ మధ్య, రెండు కాన్పులకు మధ్య వ్యవధి కావలసినవారికి తాత్కాలిక పద్ధతులే శరణ్యం. మాత్రలు అటువంటి పద్ధతులలో ఒకటి.

'''చరిత్ర'''

1951లో మెక్సికో నగరంలో కార్ల్ జెరాసీ బృందం నోటి ద్వారా తీసుకున్నా పనిచేసే నోరెథిస్టిరాన్ అనే హార్మోనును తయారు చేసింది. దానికి ముడిపదార్థం అక్కడి అడవి దుంపల నుండి లభించింది. అమెరికాలో గ్రెగరీ పింకస్, జాన్ రాక్ అనే శాస్త్రవేత్తలు ఈ తరహా హార్మోనులతో మాత్రను రూపొందించి, 1956లో ప్యూర్టో రికో దీవిలోని స్త్రీలపై పెద్దయెత్తున పరీక్షించారు. అది ఇంకా పరీక్షదశలో ఉన్న మందు అన్న సంగతి ఆ స్త్రీలకు సరిగా తెలియజేయలేదన్న విమర్శ నేటికీ ఉంది. 1960లో ఎనోవిడ్ అన్న పేరుగల మాత్రకు గర్భనిరోధానికై అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. ఆనాటి మాత్రలతో పోలిస్తే నేటి మాత్రలలో హార్మోనుల మోతాదు చాలా తక్కువ. అందువలన దుష్ఫలితాలు కూడా తగ్గాయి.

భారతదేశంలో లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ సెంట్‌క్రోమాన్ అనే హార్మోను లేని మాత్రను రూపొందించింది. ఇది 1991లో సహేలీ పేరుతో విడుదలైంది. 2017లో ప్రభుత్వం ఇదే మందును ఛాయ పేరుతోనూ, మూడు నెలలకు ఒకసారి ఇచ్చే హార్మోను ఇంజెక్షనును అంతర పేరుతోనూ ప్రవేశపెట్టింది.

'''పనిచేసే విధానం'''

సాధారణంగా ప్రతి నెలా మెదడు అడుగుభాగాన ఉండే పీయూష గ్రంథి ప్రేరణతో అండాశయం నుండి ఒక అండం విడుదలవుతుంది. మాత్రలోని హార్మోనులు ఈ ప్రేరణను ఆపుతాయి. కనుక అండం విడుదల కాదు. అంతేకాక గర్భాశయ ముఖద్వారం వద్ద ఉండే జిగురు చిక్కబడి వీర్యకణాలు లోనికి పోవటం కష్టమవుతుంది. ఒక్క రోజు కూడా తప్పకుండా వాడితే ఏడాదిలో నూరు మందిలో ఒకరికన్నా తక్కువమందికే గర్భం వస్తుంది. మరపు, ఆలస్యం కలిసిన మామూలు వాడకంలో ఈ సంఖ్య సుమారు 7 వరకు ఉంటుంది. ఈ తేడాకు ముఖ్యకారణం మాత్ర తీసుకోవటంలోని క్రమం తప్పటమే.

'''మొదలుపెట్టే ముందు'''

మాత్రలు మొదలుపెట్టేందుకు లోపలి పరీక్షలు గాని రక్తపరీక్షలు గాని సాధారణంగా అవసరం లేదు. రక్తపోటు చూపించుకోవటం, ఆరోగ్య కార్యకర్త గాని వైద్యులు గాని అడిగే ప్రశ్నలకు దాచకుండా సమాధానం చెప్పటం ముఖ్యం. యుక్తవయస్కురాలైన స్త్రీ మాత్రలు తీసుకునేందుకు భర్త సంతకం గాని అత్తమామల అనుమతి గాని అవసరం లేదు.

ఈ క్రింది పరిస్థితులలో ఉన్నవారు సంయుక్త మాత్రలను వాడరాదు, లేదా వైద్యుల సలహా లేకుండా మొదలుపెట్టరాదు.
* గర్భవతులు
* పాలిచ్చే తల్లులు, బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు
* రక్తపోటు 140/90 గాని అంతకు మించి గాని ఉన్నవారు
* 35 ఏళ్ళు దాటి పొగత్రాగేవారు (చుట్ట కూడా ఇందులోకే వస్తుంది)
* కాలి సిరలలో రక్తం గడ్డకట్టటం, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు
* కళ్ళముందు మెరుపులు కనబడి ఆపై పార్శ్వపు తలనొప్పి వచ్చేవారు
* రొమ్ము క్యాన్సరు, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారు
* క్షయకు రిఫాంపిసిన్, లేదా మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడుతున్నవారు. ఈ మందులు మాత్రల శక్తిని తగ్గిస్తాయి.

వీరికి గర్భనిరోధం లేదని కాదు. కాపర్-టి, ఛాయ, నిరోధ్ వంటి పద్ధతులలో తగినదానిని వైద్యులు సూచిస్తారు. బిడ్డకు పాలిచ్చే తల్లి కాన్పు అయిన ఆరు వారాల తరువాత అంతర ఇంజెక్షను తీసుకోవచ్చు.

'''మొదలుపెట్టే విధానం'''

మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. వాటిలో 21 హార్మోను మాత్రలు, చివరి 7 ముదురు రంగులో ఉండే ఇనుము మాత్రలు. ఒక్కొక్క హార్మోను మాత్రలో 0.15 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్, 0.03 మి.గ్రా. ఇథినైల్ ఈస్ట్రడయోల్ ఉంటాయి.

బహిష్టు మొదలైన రోజునుండి ఐదవ రోజులోపు తొలి మాత్ర తీసుకుంటే వెంటనే రక్షణ లభిస్తుంది. గర్భం లేదని నిర్ధారణ అయితే మరే రోజునైనా మొదలుపెట్టవచ్చు. కాని అప్పుడు మొదటి 7 రోజులు నిరోధ్ కూడా వాడాలి. రోజుకొక మాత్ర చొప్పున, అట్టపై గుర్తించిన వరుసలో, ఒకే వేళకు తీసుకోవాలి. రాత్రి భోజనం తరువాత తీసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. ఇనుము మాత్రలు తీసుకునే వారంలో సాధారణంగా బహిష్టు వస్తుంది. 28వ మాత్ర అయిన మరునాడే, రక్తస్రావం ఆగినా ఆగకపోయినా, కొత్త అట్ట మొదలుపెట్టాలి.

'''మాత్ర మరచిపోతే'''

ఒక హార్మోను మాత్ర మరచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే తీసుకోవాలి. ఆ రోజు మాత్రను యథావేళకు తీసుకోవాలి. ఇందుకై ఒకేరోజు రెండు మాత్రలు పడినా హాని లేదు. వరుసగా రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని మరచిపోతే వెంటనే ఒకటి తీసుకుని, వాడకం కొనసాగిస్తూ, 7 రోజుల పాటు నిరోధ్ వాడాలి. ఇది మూడవ వారంలో జరిగితే హార్మోను మాత్రలు పూర్తికాగానే ఇనుము మాత్రలను వదలి కొత్త అట్టకు వెళ్ళాలి. మొదటి వారంలో జరిగి, ఆ రోజులలో కలయిక కూడా జరిగి ఉంటే అత్యవసర మాత్ర గురించి వెంటనే ఆరోగ్య కార్యకర్తను అడగాలి. ఇనుము మాత్రలు మరచిపోతే రక్షణకు భంగం లేదు. మాత్ర వేసుకున్న రెండు గంటలలోపు వాంతి అయితే మరొకటి వేసుకోవాలి.

'''మొదటి మూడు నెలలు'''

మొదటి రెండు మూడు నెలలలో వికారం, కొద్దిపాటి తలనొప్పి, రొమ్ములలో సలుపు, నెల మధ్యలో చుక్కలుగా రక్తం కనబడటం ఉండవచ్చు. చాలామందిలో ఇవి వాటంతట అవే తగ్గుతాయి. వీటికి భయపడి అట్ట మధ్యలో మానివేసేవారు మరొక పద్ధతిని వెంటనే చేపట్టాలి, లేకపోతే గర్భం వచ్చే అవకాశం ఉంటుంది.

రక్తం గడ్డకట్టటం అరుదైనా తీవ్రమైన సమస్య. మాత్రలు వాడే పదివేలమందిలో ఏడాదికి 3 నుండి 9 మందికి, వాడనివారిలో 1 నుండి 5 మందికి ఇది రావచ్చు. గర్భవతులలో ఈ సంఖ్య 5 నుండి 20 వరకు ఉంటుంది. ఛాతీనొప్పి, ఆయాసం, ఒక పిక్కలో వాపుతో కూడిన నొప్పి, ముందెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, చూపు మందగించటం, తీవ్రమైన కడుపునొప్పి వంటివి కనబడితే మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

'''ఇతర మాత్రలతో పొరపాటు'''

పెళ్ళిళ్ళకు, పూజలకు, తీర్థయాత్రలకు ముందు బహిష్టును వాయిదా వేసేందుకు కొందరు మందుల షాపులో నోరెథిస్టిరాన్ మాత్రలు కొంటారు. వాటిని కొద్ది రోజులు వాడినంతమాత్రాన గర్భనిరోధం జరగదు. కలయిక తరువాత 72 గంటలలోపు తీసుకునే అత్యవసర మాత్ర ఎప్పుడో ఒకసారికి ఉద్దేశించినది, నెలనెలా వాడేందుకు కాదు. గర్భస్రావానికి వాడే మాత్రలు పూర్తిగా వేరు. వాటిని వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే వాడాలి.

'''అపోహలు'''

* మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరన్నది నిజం కాదు. మానివేసిన కొద్ది వారాలకో కొద్ది నెలలకో అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది. అంతర ఇంజెక్షను తరువాత మాత్రం కొన్ని నెలలు ఎక్కువ పట్టవచ్చు.
* మాత్రలు కడుపులో పేరుకుపోతాయన్నది కూడా అపోహ. ప్రతి మాత్రా కరిగి రక్తంలో కలుస్తుంది.
* మాత్రలు అన్నిటి నుండి కాపాడతాయనుకోవటం పొరపాటు. ఎయిడ్స్, ఇతర సుఖవ్యాధుల నుండి రక్షణకు నిరోధ్ అవసరం.
* మాత్రలు క్యాన్సరు తెస్తాయన్నది సగం నిజం. ఇవి అండాశయ, గర్భాశయ లోపొర క్యాన్సర్ల ముప్పును తగ్గిస్తాయి. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ముప్పు వాడుతున్న కాలంలో కొద్దిగా పెరుగుతుంది. మానివేశాక క్రమంగా తగ్గుతుంది.

'''కొల్లేరు ప్రాంతంలో'''

2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరిన కైకలూరు మండలంలో కొల్లేటి లంక గ్రామాలు ఉన్నాయి. బుడమేరు, తమ్మిలేరు పొంగినపుడు కొన్ని లంకలకు రాకపోకలు కష్టమవుతాయి. అటువంటి చోట వానాకాలానికి ముందే రెండు మూడు అట్టలు దగ్గర ఉంచుకోవటం మంచిది. చేపల, రొయ్యల చెరువుల మీద వేకువనే పనికి పోయేవారికి ఉదయం కంటే రాత్రి భోజనవేళ మాత్ర తీసుకోవటం సులువు. అట్టను తేమ తగలని డబ్బాలో ఉంచాలి.

మాత్రలకై ఉపకేంద్రంలోని ఏ.ఎన్.ఎం.ను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని లేదా కైకలూరులోని సామాజిక ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించవచ్చు. ఆశా కార్యకర్తలు ఇంటి వద్దనే ఒక అట్టను ఒక్క రూపాయికి అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో ప్రారంభించింది. అడిగేందుకు సంకోచించే కొత్త కోడలికి ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తతో మాట్లాడటం సులభంగా ఉంటుంది.

ఈ వ్యాసం సాధారణ సమాచారం కొరకు మాత్రమే. ఎవరికి ఏ పద్ధతి తగినదో వారి ఆరోగ్యాన్ని బట్టి వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.