బర్మింగ్‌హామ్‌లో చెత్త ఎందుకు పేరుకుపోయింది? పని విలువ మీద యాభై ఏళ్ల తగాదా

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వీధుల ఫొటోలు మన పత్రికల దాకా వచ్చాయి. ఇళ్ల ముందు నల్ల సంచుల గుట్టలు, వాటి చుట్టూ ఎలుకలు. 11 లక్షలకు పైగా జనాభా ఉన్న నగరం అది. మార్చి 31న అక్కడి నగర కౌన్సిల్ అత్యవసర పరిస్థితి ప్రకటించే నాటికి 17,000 టన్నుల చెత్త రోడ్ల మీదే ఉంది. ఆ తర్వాత సైన్యం నుంచి ప్రణాళికా నిపుణులను కూడా పిలిపించారు.

ఎలుకల గురించి చాలా రాశారు. సమ్మె ఎందుకు జరిగిందో మాత్రం మన దగ్గర ఎవరూ పెద్దగా చెప్పలేదు. చెప్పాల్సిన విషయమే అది. ఎందుకంటే ఆ సమ్మె వెనక ఉన్న ప్రశ్న మన సఫాయి కార్మికులకు బాగా తెలిసిన ప్రశ్నే: ఒక పనికి ఇంత విలువ అని ఎవరు నిర్ణయిస్తారు?

ముందు సమ్మె సంగతి. జనవరిలో విడతలుగా మొదలై, మార్చి 11 నుంచి నిరవధికంగా మారింది. చెత్త లారీ సిబ్బందిలో ఒక ప్రత్యేక హోదా ఉండేది. లారీ వెనక భద్రత చూసుకోవడం, ఏ ఇంటి దగ్గర ఏం ఎత్తారో నమోదు చేసుకోవడం లాంటి బాధ్యతలు ఆ ఉద్యోగివి. మిగతా లోడర్ల కంటే జీతం కొంత ఎక్కువ. కౌన్సిల్ ఆ హోదాను రద్దు చేసింది. దీనివల్ల కొందరు ఏడాదికి 8,000 పౌండ్ల దాకా నష్టపోతారని యునైట్ యూనియన్ అంది. అంత నష్టపోయేవాళ్లు చాలా కొద్దిమందే, వాళ్లకి డ్రైవర్ శిక్షణో వేరే ఉద్యోగమో ఇస్తామన్నాం కదా అని కౌన్సిల్ వాదన. ఏడాదికి పాతిక వేల పౌండ్ల చుట్టూ సంపాదించేవాడి దగ్గర నుంచి వేల పౌండ్లు పోతే ఇంటి అద్దె ఎలా కట్టాలన్నది కార్మికుడి ప్రశ్న.

అసలు ఆ హోదా తీసేయడం దేనికి? దానికి కౌన్సిల్ చెప్పిన కారణం విన్నవాళ్లు ఒక క్షణం ఆగి ఆలోచించాలి: "సమాన వేతన చట్టం." మహిళా ఉద్యోగులకు న్యాయం చేయాలంటే చెత్త కార్మికుల హోదా పోవాలట.

ఈ మెలిక అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1968లో లండన్ శివారు డాగెన్‌హామ్‌లోని ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో సీటు కవర్లు కుట్టే మహిళలు సమ్మె చేశారు. మిషన్ మీద వాళ్లు చేసే పనిని కంపెనీ నైపుణ్యం లేని పని కింద లెక్కగట్టింది. ఆ సమ్మె ఊపుతో 1970లో సమాన వేతన చట్టం వచ్చింది, 1975 చివర్లో అమల్లోకి వచ్చింది. కానీ అందులో పెద్ద లోపం ఉంది. ఆడామగా ఒకే రకం పని చేస్తేనో, యజమాని తానే రెండు పనులకీ సమాన విలువ కట్టి ఉంటేనో మాత్రమే పోల్చుకోవచ్చు. ఆడవాళ్లంతా ఒక పనిలో, మగవాళ్లంతా ఇంకో పనిలో ఉండి, యజమాని అలా విలువ కట్టకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. యూరప్ న్యాయస్థానం తప్పుపట్టాక 1984 నుంచి బ్రిటన్ చట్టాన్ని మార్చింది. పనులు వేరైనా వాటి విలువ సమానమైతే జీతం సమానంగా ఉండాలి అనేది కొత్త సూత్రం.

జూలీ హేవర్డ్ అనే వంటమనిషి దీన్ని మొదట నిలబెట్టింది. ఓడలు తయారుచేసే క్యామెల్ లెయర్డ్ కంపెనీ క్యాంటీన్‌లో వండేది. అక్కడే పనిచేసే పెయింటర్, వడ్రంగి లాంటి మగ కార్మికుల పనితో తన వంట పని సమానమని కేసు వేసింది. 1988లో దేశ అత్యున్నత న్యాయపీఠం ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది.

వంటకీ వడ్రంగానికీ పోలిక ఎలా కుదురుతుంది? దానికో పద్ధతి ఉంది. పనిని ముక్కలు చేసి మార్కులు వేస్తారు. ఎంత నైపుణ్యం కావాలి, ఒంటి మీద, మనసు మీద ఎంత భారం పడుతుంది, ఎంతమంది బాగోగులు దాని మీద ఆధారపడి ఉన్నాయి, ఎలాంటి మురికిలో, ప్రమాదంలో పని చేయాలి. మొత్తం కూడితే ఆ ఉద్యోగం విలువ వస్తుంది. ఆ పని చేసేది ఎవరన్నది ఈ లెక్కలో ఎక్కడా రాకూడదు. శ్రమకు ఉండే మర్యాద చేసే మనిషి పుట్టుకను బట్టి కాకుండా శ్రమను బట్టే ఉండాలని అడుగుతూ వచ్చిన మనకి ఇది పరాయి ఆలోచనేమీ కాదు. పోల్చడానికి ఒక కాగితం, ఒక కొలత, వెళ్లడానికి ఒక కోర్టు అక్కడ ఏర్పడ్డాయి. తేడా అదీ.

ఇక బర్మింగ్‌హామ్. కౌన్సిల్ తన ఉద్యోగాలకి ఇలాగే విలువ కట్టింది. వంటవాళ్లు, క్లీనర్లు, ముసలివాళ్లను చూసుకునే సహాయకులు ఒక పక్క, చెత్త ఎత్తేవాళ్లు, శ్మశానంలో గోతులు తవ్వేవాళ్లు, రోడ్లు వేసేవాళ్లు ఇంకో పక్క, అందరూ ఒకే గ్రేడ్‌లో ఉన్నారు. మొదటి గుంపులో దాదాపు అందరూ ఆడవాళ్లు. రెండో గుంపులో మగవాళ్లు. మూల వేతనం సమానమే, కానీ మగవాళ్ల పనులకు మాత్రం బోనస్‌లు ఉన్నాయి. కొందరికి బోనస్ మూల వేతనంలో 160 శాతం దాకా వెళ్లిందని కేసు విచారణలో బయటపడింది. 2010లో ఉపాధి ట్రిబ్యునల్ 4,000 మందికి పైగా మహిళలకు అనుకూలంగా తీర్పు చెప్పింది.

ఇక్కడ మన పాఠకులు గమనించాల్సింది ఒకటుంది. చెత్త ఎత్తడం బర్మింగ్‌హామ్‌లో బోనస్ వచ్చే ఉద్యోగంగా ఉండేది. అదే చెత్త పని హైదరాబాద్‌లో, విజయవాడలో ఎక్కువగా దళితుల చేతుల్లో, ఊడ్చే పనైతే దళిత మహిళల చేతుల్లో, ఔట్‌సోర్సింగ్ జీతానికి నడుస్తుంది. చెత్త ఒకటే, వాసన ఒకటే. అక్కడ మగవాళ్లు, గట్టి యూనియన్, లారీ ఆగితే నగరం ఆగిపోతుందన్న భయం ఉన్నాయి కాబట్టి ధర పలికింది. అదే నగరంలో పక్షవాతం వచ్చిన ముసలామెకు స్నానం చేయించే పనికి పలకలేదు. "ఇది నైపుణ్యం లేని పని, అందుకే జీతం తక్కువ" అనే మాట ఎక్కడ విన్నా దాని వెనక ఇలాంటి చరిత్ర ఉందేమో వెతకాలి.

అప్పటికే ఉద్యోగం మానేసిన మహిళల సంగతి? ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే ఉద్యోగం వదిలిన ఆరు నెలల్లోపే వెళ్లాలి. ఆ గడువు దాటిన 174 మంది, దాదాపు అందరూ ఆడవాళ్లే, మామూలు సివిల్ కోర్టులో ఆరేళ్ల గడువు ఉంది కదా అని వాదించారు. 2012 అక్టోబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఔనంది. దాంతో వేలమందికి దారి తెరుచుకుంది. తర్వాతి పదేళ్లలో కౌన్సిల్ దాదాపు 110 కోట్ల పౌండ్లు బకాయిలుగా చెల్లించింది. ఆ డబ్బు కోసం 2015లో తన పేరున్న జాతీయ ఎగ్జిబిషన్ సెంటర్‌ను 30.7 కోట్ల పౌండ్లకు అమ్మేసింది.

అప్పటికీ తీరలేదు. 2023లో ఇంకా 65 నుంచి 76 కోట్ల పౌండ్ల భారం ఉందని కౌన్సిల్ ప్రకటించింది. ఈ అంకె మీద తర్వాత చాలా వివాదం నడిచింది. ఆ సెప్టెంబర్ 5న కొత్త ఖర్చులన్నీ ఆపేస్తూ నోటీసు ఇచ్చింది. మామూలు మాటల్లో దివాలా. ప్రభుత్వం కమిషనర్లను పంపింది. రెండేళ్లలో 30 కోట్ల పౌండ్ల కోతలు, ఇంటి పన్ను 2024లో దాదాపు 10 శాతం, మరుసటి ఏడు 7.5 శాతం పెంపు.

"ఆడవాళ్ల కేసులు నగరాన్ని ముంచేశాయి" అనే ధోరణిలో అప్పట్లో చాలా వార్తలు వచ్చాయి. ఈ మాట చాలా అన్యాయం. ఇన్నేళ్లూ ఇవ్వాల్సిన జీతం ఇవ్వకుండా ఆ మహిళల దగ్గర కౌన్సిల్ అప్పు తీసుకున్నట్టు లెక్క. అప్పు అడిగినవాళ్లు కారణమా, ఎగ్గొట్టినవాళ్లు కారణమా? పైగా మిగతా కారణాలు చిన్నవేమీ కావు. 2010 తర్వాతి పొదుపు విధానాల్లో కేంద్ర నిధులు 100 కోట్ల పౌండ్ల మేర పోయాయని కౌన్సిలే చెప్పుకుంది. 1.9 కోట్ల పౌండ్లు అవుతుందనుకున్న కొత్త కంప్యూటర్ వ్యవస్థ ఖర్చు 10 కోట్లు దాటింది. దానికి ఏ వంటమనిషీ బాధ్యురాలు కాదు.

మళ్లీ చెత్త లారీ దగ్గరికి వద్దాం. 2017లోనూ ఇక్కడ పెద్ద సమ్మె జరిగింది, కౌన్సిల్ నాయకుడు రాజీనామా చేశాడు. ఆ రాజీలో భాగంగా పుట్టిందే 2025లో రద్దైన హోదా. పైగా చెత్త విభాగంలో "పని అయిపోతే ఇంటికి పోవచ్చు, జీతం పూర్తి" అనే పద్ధతి నడిచింది. ఆ సౌకర్యం మాకెందుకు లేదని అదే గ్రేడ్ మహిళలు మళ్లీ అడిగారు. అడగడం న్యాయమే. అయితే సమానం చేయడానికి రెండు దారులున్నాయి. తక్కువ ఉన్నవాళ్లని పైకి తీసుకురావచ్చు, లేదా ఎక్కువ ఉన్నవాళ్లని కిందికి లాగవచ్చు. బకాయిలు కట్టాక ఖజానా ఖాళీ అయిన కౌన్సిల్ రెండో దారి పట్టింది. ఆ కోతల్లో మూతపడిన సేవల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మళ్లీ మహిళలే. పేదవాళ్ల మధ్య పంచాయితీ పెట్టి, పొదుపు విధానం తెచ్చిన ప్రభుత్వాలు పక్కకి తప్పుకున్నాయని నా అభిప్రాయం.

చట్టం నుంచి తప్పించుకునే ఇంకో దారి మనకు బాగా తెలుసు: ఔట్‌సోర్సింగ్. నార్త్ యార్క్‌షైర్‌లో బడిపిల్లలకు భోజనం వండి వడ్డించే మహిళలు కౌన్సిల్ మీద సమాన వేతన కేసు వేసి 1995లో అత్యున్నత స్థాయిలో గెలిచారు. కానీ వంట, క్లీనింగ్ పనులు ప్రైవేటు కంపెనీలకు వెళ్లాక అక్కడి మహిళలు కౌన్సిల్ మగ ఉద్యోగులతో పోల్చుకోబోతే 2002లో యూరప్ కోర్టు కుదరదంది. వేతనం నిర్ణయించే యజమాని ఒకరై ఉండాలి, మీ యజమాని ఇప్పుడు కంపెనీ కదా అని. అదే బడి, అదే గరిట, అదే పిల్లలు. కాంట్రాక్టు కాగితం ఒక్కటే మారింది.

ముసలివాళ్ల సంరక్షణ కూడా ఇలాగే ఇంగ్లండ్‌లో ఎక్కువ భాగం ప్రైవేటు చేతుల్లోకి పోయింది. ఇళ్లకు వెళ్లి చూసుకునేవాళ్లలో చాలామందికి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయానికి జీతం సరిగా రాదు. ఇక్కడివాళ్లు ఆ జీతానికి నిలవకపోవడంతో ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో విదేశీ కేర్ వర్కర్లకు వీసా తెరిచింది. కేరళ నుంచి, మన రాష్ట్రాల నుంచి ఎంతోమంది వెళ్లారు, ఏజెంట్లకు లక్షలు కట్టినవాళ్లూ ఉన్నారు. వీసా యజమానికి ముడిపడి ఉంటుంది. యజమాని లైసెన్సు పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే. ఆ భయంతో నోరు మూసుకునేవాళ్లు ఎందరో. 2024 మార్చి నుంచి కుటుంబాన్ని తెచ్చుకోనివ్వలేదు. 2025 జులైలో విదేశాల నుంచి కొత్త నియామకాలే ఆపేశారు.

వీళ్ల కోసమే 2020 వసంతంలో పది వారాల పాటు ప్రతి గురువారం రాత్రి ఎనిమిదింటికి బ్రిటన్ జనం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటి మార్చిలో నర్సులకు ప్రభుత్వం ప్రతిపాదించిన పెంపు ఒక్క శాతం. 2022 డిసెంబర్‌లో నర్సుల సంఘం ఇంగ్లండ్‌లో తన చరిత్రలోనే మొదటిసారి సమ్మెకు దిగింది. మనకీ ఇది కొత్త కాదు. 2019 కుంభమేళాలో ప్రధాని సఫాయి కార్మికుల కాళ్లు కడిగారు, 2020లో పళ్లాలు మోగించాం. ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు 2022 జులైలో, మళ్లీ 2023 డిసెంబర్ చివర్లో జీతాలు, అలవెన్సుల కోసం సమ్మె చేయాల్సే వచ్చింది.

కులం సంగతికి వస్తే, బ్రిటన్ చట్టం అక్కడ ఆగిపోయింది. సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని పార్లమెంటు 2013లో నిర్ణయించింది. 2018లో ప్రభుత్వం అవసరం లేదని పక్కనపెట్టింది. ఒక ఇంట్లో గంటకు పదకొండు పెన్నీల లెక్కన నాలుగేళ్లకు పైగా చాకిరీ చేసిన ఆదివాసీ మహిళకు 2015లో ట్రిబ్యునల్ 1,83,000 పౌండ్లకు పైగా ఇప్పించింది. ఆ కేసులో వచ్చిన తీర్పు చాలన్నది ప్రభుత్వ వాదన.

మన చట్టం ఇంకా వెనకే ఉంది. 1976 నాటి సమాన వేతన చట్టం ఆడామగా మధ్య "ఒకే పని లేదా అలాంటి పని" వరకే చూసింది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే మాట వాడింది. కాంట్రాక్టు ఉద్యోగికి కూడా సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ కేసులో చెప్పింది, అదీ ఒకే పని చేస్తేనే. ఊడ్చే పనిని ఆఫీసులో ఫైళ్లు మోసే పనితో, నీళ్ల పైపులు బాగుచేసే పనితో పక్కపక్కన పెట్టి మార్కులు వేయమని ఒక దళిత మహిళ అడగాలంటే, జూలీ హేవర్డ్ వాడుకున్నలాంటి సెక్షన్ ఇక్కడ లేదు.