అడవి అంచున మృతపశువు: గ్రామస్థుల కర్తవ్యము



పాల్వంచ, గుండాల, దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలో అడవి నానుకొనియున్న పల్లెలకు అడవియే పచ్చికబీడు. తొలకరి మొదలు పంట కోతల వరకు పొలములు పైరుతో నిండియుండగా, పశువులను తోలుటకు మనకు వేరు చోటు లేదు. ఆ యడవిలోనే చిఱుతపులియు, ఎలుగుబంటియు, అడవిదున్నయు కాపురమున్నవి. కిన్నెరసాని చుట్టునున్న అరణ్యము సుమారు 635 చదరపు కిలోమీటర్ల మేర 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఇటీవలి సంవత్సరములలో పెద్దపులి జాడలు కూడ ఈ జిల్లాలో కనబడినవి. కావున సాయంకాలము మంద యిల్లు చేరువేళ ఒక పశువు తక్కువగుట మన కెన్నడో యొకనాడు తప్పదు. ఆ మరునాటి యుదయమున గ్రామము చేయవలసిన పని యేమి? అదియే నేటి ప్రసంగ విషయము.

పశువు మృగముచేత చచ్చును. లేదా రోగముచేత చచ్చును. చూచువారికి రెండును కళేబరములే. కాని మృగము చంపినదానిని కదల్పరాదు. రోగముచే చచ్చినదానిని కోయరాదు. ఈ రెండు మాటలకును గల కారణములను విన్నవించెదను.

పులి యొక యెద్దును చంపినచో ఒక్కపూటలో తినివేయలేదు. కొంత తిని, దాపుననున్న పొదలో పరుండి, మరల మరల వచ్చి మూడు నాలుగు దినములు తినును. మనము కళేబరమును ఈడ్చి పారవేసినచో దాని యాకలి తీరదు గదా! అది యింకొక పశువును వెదకికొనును. ఒక యెద్దు పోయిన దుఃఖములో రెండవ యెద్దును మనమే యప్పగించినట్లగును. అదియుగాక, పులి దాపుననే యుండును గావున ఒంటరిగా కళేబరమును సమీపించుట ప్రాణాపాయము. పదిమంది కలిసి, పట్టపగలు, అటవీశాఖవారు వెంటరాగా మాత్రమే పోవలెను.

ఇక కష్టమైన మాట. ఎద్దు పోయిన కాపు బాధ నే నెఱుగుదును. కాడికి ఒక యెద్దు లేకున్న రెండవ యెద్దు ఉండియు లేనట్లే. అదను తప్పిన దుక్కి ఆ యేడాది మరల రాదు. అట్టివాని చెంతకు ఎవడో యొకడు వచ్చి, "ఆ కళేబరముమీద నాలుగు గుళికల మందు చల్లుము, పీడ విరగడగును" అని చెప్పును. పెద్దలు నోరు విప్పవలసిన సమయ మదియే.

ఆ విషము పులితో ఆగదు. నక్క తినును, ఊరకుక్క తినును, రాబందు తినును. వాన కురిసినచో కొంత వాగులోనికి దిగును. ఆ వాగునీటినే మన పశువులు త్రాగును. రాబందులు ఒకప్పుడు ఊరి కళేబరములను గడియలలో శుభ్రము చేసెడివి. పశువులకు నొప్పి తగ్గుటకై యిచ్చిన డైక్లోఫినాక్ అను మందు ఆ మాంసము ద్వారా వానికి చేరి, దేశమంతటను వానిని నశింపజేసినది. పశువులకు ఆ మందు వాడకమును ప్రభుత్వము 2006లో నిషేధించినది. కళేబరములో నున్నది ఎంత దూరము ప్రాకునో దీనివలన తెలియును.

మనకు ఎగువన, ప్రాణహిత దిక్కున నున్న ఆసిఫాబాదు జిల్లాలో జరిగిన సంగతి వినుడు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవులలో పులులు చనిపోయినవి. పులి చంపిన పశువు కళేబరముపై చల్లిన విషము అందుకు కారణమని విచారణలో బయటపడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి పులిని చంపినవానికి మూడేండ్లకు తక్కువ కాని, ఏడేండ్లదాక పొడిగింపదగిన కారాగారశిక్ష గలదు. ఎద్దును పోగొట్టుకొన్నవాడు ఇంటి యజమానిని కూడ పోగొట్టుకొనుట న్యాయమా?

న్యాయమైన దారి కలదు. పశువు పోయినట్లు తెలిసిన దినముననే అటవీశాఖ బీటు అధికారికి, పశువైద్యునికి, పంచాయతీ కార్యదర్శికి తెలుపవలెను. కళేబరము చచ్చినచోటనే యున్నచో గొంతుమీది కోరల గాట్లు, నేలమీది అడుగుజాడలు చూచి పంచనామా వ్రాయుట సుకరము. దానిని బట్టియే పరిహారము లభించును. ఈ పనిలో చదువు వచ్చిన మీ సాయము మిక్కిలి యవసరము. పశువుల కాపరులలో అనేకులకు అర్జీ వ్రాయుట రాదు; కచేరీలో ఎవరి నడుగవలెనో తెలియదు. ఆ దినముననే మీరు కూర్చుండి అర్జీ వ్రాసి యిచ్చి, దాని ప్రతి నొకటి దాచి, పరిహారము చేతికి వచ్చువరకు వెంట నడచితిరేని, అతడు మందు డబ్బా వైపు చూడడు. పులికిని విషమునకును నడుమ నిలుచునది మీ కలమే.

ఇప్పుడు రోగము మాట. నిన్నటివరకు మేసిన పశువు హఠాత్తుగా పడి చచ్చి, పొట్ట ఉబ్బి, ముక్కునుండియు ఆసనమునుండియు గడ్డకట్టని నల్లని రక్తము కారినచో అది దొమ్మరోగమని శంకింపవలెను. దాని క్రిములు గాలి సోకినప్పుడు గట్టి పెంకు గల బీజములుగా మారి, మట్టిలో పదుల యేండ్లు జీవించును. శవమును కోయకున్నంతవరకు వానిలో చాల భాగము లోపలనే క్రుళ్లి నశించును. కత్తి పెట్టితిమా, ఆ బీటిలో మేయు పశువులకు తరతరముల ముప్పు. తోలు ఒలిచినవానికి చేతిపై నల్లని పుండు లేచును. మాంసము తిన్నవానికి ప్రాణమునకే మోసము. కావున తోలుకు, మాంసమునకు ఆశపడక, వాగులోనికి ఈడ్వక, పశువైద్యుడు చెప్పినచోట లోతైన గోతిలో పూడ్పింపవలెను. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో పశువైద్య వాహనము వచ్చు నేర్పాటు తెలంగాణములో 2017 నుండి కలదు.

రోగమును రానీయకుండుట అన్నిటికంటె మేలు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయింపవలెను. గాలికుంటు టీకా ఏటికి రెండుమారులు వేయింపవలెను; ఆ వ్యాధి మన మందనుండి అడవిదున్నలకు, దుప్పులకు కూడ సోకును. టీకా వలన ఏమగునని అడుగువారికి ముసరవ్యాధిని చూపుడు. మన తాతల నాడు ఊళ్లకు ఊళ్ల పశువులను ఊడ్చిన ఆ రోగము, టీకాలవలనను, ఎక్కడ పుట్టినను వెంటనే తెలిపిన క్రమశిక్షణవలనను 2006 నాటికి మన దేశమును, 2011 నాటికి లోకమునే విడిచినది.

మృగభయమునకును ముందుజాగ్రత్తయే మందు. ప్రొద్దు క్రుంకకముందే మందను మరల్పుడు. కాపరులను ఇద్దరికి తక్కువగా పంపకుడు. చిఱుత గోడ నెక్కగలదు గావున మేకల దొడ్డికి పైకప్పు కూడ ఉండవలెను. వంగి పనిచేయు మనిషి పులి కంటికి నాలుగుకాళ్ల జంతువువలె తోచును. 2020 నవంబరులోను, 2024 నవంబరులోను ఆసిఫాబాదు జిల్లాలో ప్రత్తిచేలలో పని చేయుచున్న స్త్రీలు పులివాత బడిరి. మన యొద్దను ప్రత్తి యేరు కాలమదియే. జాడలు కనబడిన దినములలో గుంపుగా పోయి, ఎండ వచ్చిన పిమ్మట పని మొదలిడి, ఒకరిని కావలి నిలుపుడు. అడవిపందులకై విద్యుత్తీగ లాగుట మాత్రము ఎన్నడును వలదు; చీకటిలో ఆ తీగకు పందియు, పొరుగువాని యెద్దును, పొరుగువాడును ఒక్కటే.

పెద్దలారా! చచ్చిన పశువును మనము బ్రతికింపలేము. దాని వెనుక మఱియొక ప్రాణము పోకుండ జూచుట మన చేతిలోని పని. మృగము చంపినదానిని కదల్పకుడు, రోగముచే చచ్చినదానిని కోయకుడు, అర్జీని మరునాటికి నిలుపకుడు. ఈ మూడు మాటలను రచ్చబండ యొద్ద నలుగురికిని వినిపింప ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.