విశాఖలో మనం చూడని పేటలు

విశాఖపట్నం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే. ఒంట్లో బాగోకపోతే కేజీహెచ్, బాగుంటే ఆర్.కె. బీచ్. మన తునికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, పొద్దున్న రైలెక్కితే పదింటికల్లా దిగిపోవచ్చు. పదో తరగతి, ఇంటర్ అయ్యాక పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో, పనికో మనలో చాలామంది చేరేదీ అక్కడికే. అలా చేరి, నెల తిరగకుండానే "ఊరు పెద్దది, మనవాళ్ళెవరూ లేరు" అని పెట్టె సర్దుకొని వచ్చేసినవాళ్ళు మనలో ఉన్నారు. చదువు రాక కాదు, ఊరంటే బెదురు. అందుకని సీటు రాకముందే ఒక శని, ఆదివారాలు అక్కడ కాలినడకన తిరిగి రమ్మని తమ్ముళ్ళకు మా మాట. డిసెంబరు, జనవరి అయితే మేలు. మిగతా కాలంలో సముద్రపు ఉక్కకు నాలుగు వీధులు నడిచేసరికి చొక్కా తడిసిపోతుంది.

ముందుగా పేర్లు చూడండి. కంచరపాలెం, మర్రిపాలెం, మద్దిలపాలెం, అక్కయ్యపాలెం, అల్లిపురం, జాలారిపేట. ఇవన్నీ ఊళ్ళ పేర్లే. నగరం పెరిగి ఒక్కొక్క ఊరినీ తనలో కలుపుకొంది. అందుకే పెద్ద రోడ్డు దిగి సందులోకి వెళ్తే రామాలయం, రావిచెట్టు, అరుగు మీద పెద్దవాళ్ళు కనిపిస్తారు. భయపడేంత పెద్ద ఊరేమీ కాదు, మన ఊళ్ళలాంటివే పక్కపక్కన చేరాయి.

అసలు పట్నం దక్షిణాన వన్ టౌన్. పాత పోస్టాఫీసుకు వెళ్ళే సిటీ బస్సెక్కి చివర దిగితే చాలు. కురుపాం మార్కెట్లో బంగారం కొట్లు, ఆ దగ్గర్లోనే రాణి బొమ్మ అని పిలిచే విక్టోరియా విగ్రహం, అక్కణ్ణుంచి ఓడరేవు పక్కన మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి. మేరీమాత గుడి ఉన్న రాస్ హిల్ మీద డిసెంబరు 8న పెద్ద పండుగ జరుగుతుంది, అన్ని మతాలవాళ్ళూ ఎక్కుతారు. పైనుంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఓడలు లోపలికి వచ్చే కాలువ కనిపిస్తుంది. రాయపూర్ రైలు మార్గం పడ్డాక, 1933లో ఈ రేవు తెరిచారు. ఆ తరువాత 1948లో నెహ్రూ 'జల ఉష' ఓడను నీటిలోకి దింపింది కూడా ఇక్కడి నౌకా నిర్మాణ కేంద్రంలోనే. పుస్తకంలో ఒక మార్కు ప్రశ్నగా చదివినది, కొండ మీద నిలబడితే అర్థమవుతుంది. చీకటి ఐదున్నరకే పడుతుంది కాబట్టి ఐదింటికల్లా దిగిపోవాలి.

పాత ఊళ్ళోనే రెల్లివీధి ఉంది. నగరాన్ని తెల్లవారకముందే ఊడ్చి శుభ్రం చేసిన కుటుంబాలు తరతరాలుగా ఉన్న వీధి. పర్యాటక పుస్తకాల్లో ఈ పేరు కనిపించదు. మనం మాత్రం చూడకుండా రాకూడదు.

ఆదివారం పొద్దున్నే చేపల రేవుకు వెళ్ళాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చలికాలంలో ఆ అడ్డు లేదు. బోట్లు రాగానే పాటలు మొదలవుతాయి. బుట్టలు ముందేసుకొని ధర తెగ్గొట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ లెక్కల వేగం ముందు మా లెక్కల మార్కులు దిగదుడుపే! 2023 నవంబరు 19 రాత్రి ఈ రేవులోనే పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. బోటంటే దాని మీద పనిచేసే అందరి కూడూ.

కంచరపాలెం మనకు అన్నిటికన్నా అవసరం. ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐ, ఉపాధి కార్యాలయం అన్నీ ఆ చుట్టుపక్కలే. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో నటించినవాళ్ళలో చాలామంది ఆ పేట మనుషులే. కాలేజీ గేటు ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగుతుంది, తక్కువలో భోజనం ఎక్కడ దొరుకుతుంది అని అప్పుడే చూసి పెట్టుకోండి.

దారి అడగడానికి మొహమాటపడొద్దు. మన "అండి" వినగానే గోదారోళ్ళని నవ్వుతారు, అంతే. "ఏటి బాబూ, ఎవలు కావాలి?" అని ఎదురు ప్రశ్న వస్తే అది గద్దింపు కాదు, అక్కడి పలుకు. అలా అడిగిన మామ్మ వీధి చివరిదాకా వచ్చి మాకు బస్సు చూపించి వెళ్ళింది.